అసూయ, త్యాగం, నిష్కృతి: ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 51వ సంచిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1966 జూన్ సంచికగా వెలువడిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 51వ కామిక్ పుస్తకంలోని ‘దిస్ మ్యాన్... దిస్ మాన్‌స్టర్!’ అనే కథను సూపర్‌హీరో కామిక్‌లలో ఉత్తమమైన వాటిలో ఒకటిగా పాఠకులు చాలాకాలంగా ఎంచుతున్నారు. అసూయతో వచ్చిన ఒక పేరులేని శాస్త్రవేత్త తాను ద్వేషించిన వ్యక్తి కోసమే ప్రాణం విడవడం ఇందులోని కథ. ఈ కథను దుష్టుని హృదయపరివర్తనగా మాత్రమే చదవడం అలవాటైంది. ఆ పఠనం సగమే సరైనదని, ఇందులో నిష్కృతి పొందినవాడు ఒకడు కాగా మూల్యం చెల్లించినవాడు మరొకడని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రతినాయక లక్షణం, సంచారీభావంగా అసూయ, తెలుగులో మహదమహద్వాచకాల భేదం అనే మూడు అంశాలు ఈ చర్చకు ఆధారాలు.

కీలకపదాలు: కామిక్, ప్రతినాయకుడు, అసూయ, కామరూపం, త్యాగం, నిష్కృతి, స్టాన్ లీ, జాక్ కర్బీ.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శ కామిక్‌ను పట్టించుకున్న సందర్భాలు తక్కువ. ‘చందమామ’లో వడ్డాది పాపయ్య, శంకర్ వేసిన బొమ్మల మీద మనకున్న ప్రేమ తక్కువది కాదు. కాని ఆ ప్రేమ ఎక్కువగా జ్ఞాపకంగానే మిగిలింది. బొమ్మా మాటా కలిసి కథ నడిపే రూపాన్ని ఒక కథన ప్రక్రియగా భావించి, దాని శిల్పాన్ని, నైతిక దృష్టిని పరీక్షించే పని అంతగా జరగలేదు. పిల్లల చదువు అన్న ముద్ర ఒక కారణం. ఇది ‘సాహిత్యం’ అవునా కాదా అన్న సందేహం మరో కారణం. ఈలోగా ఆ పాత్రలు సినిమా ద్వారా మన ఇళ్లలోకి వచ్చేశాయి. 2019 నాటి ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ తెలుగు మాటలతోనే మన హాళ్లలో ఆడింది. మన తరగతి గదుల్లో కూర్చున్న విద్యార్థికి త్యాగవీరుడు అనగానే రంతిదేవుడు, శిబి గుర్తుకు రావడానికి ముందే ఐరన్ మ్యాన్ గుర్తుకు వస్తాడంటే అందులో ఆ విద్యార్థి తప్పేమీ లేదు. ఆ త్యాగాల మూలరూపాలు ఎక్కడివి, అవి ఎంత లోతైనవి అని అడగవలసిన బాధ్యత మాత్రం సాహిత్య బోధకులది.

ఆ మూలాల్లో ఒకటైన ఈ కథ నిడివి 20 పుటలు. నాటి వెల 12 సెంట్లు. రచన స్టాన్ లీ, చిత్రరచన జాక్ కర్బీ, సిరా పని జో సినాట్. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ శ్రేణి 1961 నవంబర్ సంచికతో మొదలైంది. 48 నుండి 50 వరకు గల మూడు సంచికల్లో గ్రహాలను మింగే గెలాక్టస్ భూమి మీదికి వస్తాడు, వెండిరంగు దూత సిల్వర్ సర్ఫర్ అతనిపై తిరగబడతాడు. విశ్వమంతటి యుద్ధం ముగిసిన మరుసటి నెలలో ఈ కథ వచ్చింది. ఇందులో యుద్ధం లేదు. వాన ఉంది, ఒక ఇల్లు ఉంది, ఒక కప్పు కాఫీ ఉంది.

2. కథావస్తువు

నలుగురు వ్యోమయాత్రికులు అంతరిక్షంలో కాస్మిక్ కిరణాల బారిన పడి అద్భుత శక్తులు పొందడం శ్రేణికి పునాది. శాస్త్రవేత్త రీడ్ రిచర్డ్స్ శరీరం ఎంతైనా సాగుతుంది. స్యూ అదృశ్యం కాగలదు. ఆమె తమ్ముడు జానీ అగ్నిజ్వాలగా మారగలడు. ఈ ముగ్గురూ కోరుకున్నప్పుడు మామూలు మనుషులుగా ఉండగలరు. నాలుగోవాడైన బెన్ గ్రిమ్‌కు ఆ వెసులుబాటు లేదు. అతడు నారింజరంగు రాతిపలకలు పేర్చినట్టుండే ఆకారంలో శాశ్వతంగా చిక్కుకుపోయాడు. లోకం అతన్ని ‘థింగ్’ అంటుంది. అంధురాలైన శిల్పి అలీసియా అతన్ని ప్రేమిస్తుంది. అయితే 50వ సంచిక చివరికి ఆమె మనసు సిల్వర్ సర్ఫర్ వైపు మళ్లిందని బెన్ అపోహపడి వీధిన పడతాడు.

51వ సంచిక మొదటి పుట నిండా ఒకే బొమ్మ. రాత్రి, కుండపోత వాన, ఒంటరిగా నిలబడిన థింగ్. ఒక అపరిచితుడు అతన్ని ఇంట్లోకి పిలిచి కాఫీ ఇస్తాడు. అందులో మత్తుమందు ఉంది. తన యంత్రంతో బెన్ రూపాన్నీ బలాన్నీ ఆ అపరిచితుడు తన శరీరంలోకి మార్చుకుంటాడు. బెన్ మేల్కొనేసరికి మామూలు మనిషిగా ఉంటాడు. కొత్త థింగ్ బ్యాక్స్‌టర్ భవనానికి వెళ్లి రీడ్, స్యూలను నమ్మిస్తాడు. వెనకాలే వచ్చిన అసలు బెన్‌ను వారు నమ్మరు. రీడ్ అప్పటికి ‘సబ్-స్పేస్’ అనే అవతలి ప్రదేశంలోకి ప్రయాణానికి సిద్ధపడుతుంటాడు. గెలాక్టస్ వంటి ముప్పు మళ్లీ వస్తే మానవజాతిని కాపాడే మార్గం అక్కడ దొరకవచ్చునని అతని ఆశ. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస ‘బెన్’ చేతికి ఇస్తాడు. ఆ తాడు వదిలేస్తే చాలు, వచ్చిన పని పూర్తవుతుంది. కాని ఆ మనిషి మారతాడు. చివరికి తాడు ఆదుకోలేని స్థితి వచ్చి అతడు కూడా ఆ ప్రదేశంలోకి చేరతాడు. అరువు తెచ్చుకున్న బలంతో రీడ్‌ను వెనక్కి, ప్రాణాల వైపు విసిరివేస్తాడు. తాను వినాశం వైపు తేలిపోతాడు. సరిగ్గా అప్పుడు, అలీసియా గుమ్మం చేరుకున్న బెన్ తిరిగి థింగ్‌గా మారిపోతాడు.

జానీ కళాశాల జీవితం, ఫుట్‌బాల్ మైదానంలోని చిల్లర స్పర్ధలు ఒక ఉపకథగా మధ్యలో వస్తాయి. ప్రధాన కథకు ఆ పుటలు చేసే మేలు పెద్దగా లేదు.

3. ఏకపక్ష వైరం

స్పర్ధ అన్నప్పుడు మనం సాధారణంగా ఇద్దరిని ఊహిస్తాం. కర్ణుడికి అర్జునుడు తెలుసు, అర్జునుడికి కర్ణుడు తెలుసు. అస్త్రవిద్యా ప్రదర్శన రంగంలో మొదలైన పోటీని లోకమంతా చూసింది. ఈ కథలోని వైరానికి అటువంటి రంగం లేదు. అపరిచితుడు రీడ్‌ను ఏళ్ల తరబడి ద్వేషించాడు. రీడ్‌కు అతడొకడు ఉన్నాడనే తెలియదు. తాను కూడా అంతటి మేధావినేనని, కీర్తి మాత్రం రీడ్‌కు దక్కిందని అతని గోడు. ఆ గోడుకు రుజువు కథ ఇవ్వదు, ఖండన కూడా ఇవ్వదు. అతని యంత్రం పనిచేసింది కాబట్టి మేధావి అన్న మాట నిజమేనని మనం ఒప్పుకోవాలి. రీడ్ ఎన్నో ప్రయత్నాలు చేసినా బెన్‌ను స్థిరంగా మనిషిగా మార్చలేకపోయాడు. ఇతడు ఒక్క రాత్రిలో మార్చాడు. శ్రేణి పొడవునా రీడ్ మోస్తున్న వైఫల్యాన్ని అతని శత్రువు దుర్బుద్ధితో చేసిన పని దాటిపోయింది. ఈ విడ్డూరాన్ని కథ ఎక్కడా పైకి చెప్పదు. చెప్పకపోవడమే బాగుంది.

ధనంజయుని ‘దశరూపకం’ ప్రతినాయకుణ్ని లోభి, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపి, వ్యసనపరుడు అని వర్ణించింది. రావణుడు, దుర్యోధనుడు ఉదాహరణలు. సూపర్‌హీరో కామిక్‌లలోని ప్రతినాయకులు చాలావరకు ఈ అచ్చులో ఇమిడిపోతారు. ఇదే శ్రేణిలోని డాక్టర్ డూమ్ ధీరోద్ధతుడికి చక్కని ఉదాహరణ. అతడు కూడా రీడ్ మీద విద్యాసంబంధమైన పగతోనే బయలుదేరాడు. అయితే డూమ్‌కు రాజ్యం ఉంది, కవచం ఉంది, పేరు ఉంది. 51వ సంచికలోని వ్యక్తికి ఇవేవీ లేవు. ఔద్ధత్యానికి కావలసిన సరంజామా లేనివాడు ధీరోద్ధతుడు కాలేడు. కాబట్టి డూమ్ పగలోంచి ఐశ్వర్యాన్ని తీసివేస్తే మిగిలే సారమే ఈ అపరిచితుడు.

ఆ సారం అసూయ. నాట్యశాస్త్రం అసూయను ముప్పైమూడు సంచారీభావాల్లో ఒకటిగా లెక్కించింది. ఇతరుల ఐశ్వర్యం, సౌభాగ్యం, మేధ, విద్య మొదలైనవాటిని దానికి విభావాలుగా చెప్పింది. మేధ, విద్య ఆ జాబితాలో ఉండడం ఇక్కడ గమనించదగినది. ఉన్నత విద్యాసంస్థల్లో పనిచేసేవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. అంతకన్నా ముఖ్యమైన విషయం, అసూయ స్థాయీభావం కాకపోవడం. అది వస్తుంది, పోతుంది, స్థాయిని పోషిస్తుంది గాని తానే రసంగా పరిణమించదు. అసూయనే జీవితానికి స్థాయిగా చేసుకున్న మనిషి ఈ కథలోకి ప్రవేశిస్తాడు. కథ దాన్ని తిరిగి సంచారీ స్థానానికి దించుతుంది. అది తొలగిన చోట బయటపడేది ఉత్సాహం, అంటే వీరానికి స్థాయి. లాక్షణికులు చెప్పిన దాన, ధర్మ, యుద్ధ, దయా వీరాల్లో ఈ మరణం దయావీరానికి దగ్గరగా ఉంటుంది. శత్రువును కొట్టడానికి సంపాదించిన బలం అదే శత్రువును ఒడ్డుకు చేర్చడానికి వినియోగపడడం ఈ పరిణామానికి బాహ్యరూపం.

4. కామరూపం

పరరూపధారణ మనకు కొత్త వస్తువు కాదు. ఇంద్రుడు గౌతముని రూపంలో వచ్చాడు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మాయారంభ, నిజరంభ ఎదురుపడి తగవులాడుకుంటారు. మాయానలకూబరుడు కూడా అక్కడే ఉంటాడు. ఈ కథల్లో రూపం మార్చుకోవడానికి ప్రేరణ కామం. ఎవరినో పొందడానికి మరొకరిలా మారడం అక్కడి పద్ధతి. 51వ సంచికలో రూపం మార్చుకున్నవాడికి ఎవరినీ పొందాలని లేదు. పైగా అతడు ఎంచుకున్న రూపం ఎవరూ కోరుకోనిది, ధరించినవాడే నిత్యం ఏవగించుకునేది. అందమైన రూపాన్ని దొంగిలించే కథలు ఎన్నో ఉన్నాయి. వికృతరూపాన్ని దొంగిలించిన కథలు అరుదు.

ఆ రూపంలో అతనికి కావలసింది ఒక్కటే, రీడ్ నమ్మకం. ఆ భయంకరమైన ముఖం రీడ్‌కు ఎంత ఆప్తమైనదో బయటివాడైన అతడు గ్రహించాడు. బెన్ మాత్రం గ్రహించలేదు. తనను లోకం వెలివేసిందని వానలో నిలబడి కుమిలిపోతున్నవాడి ముఖమే, మరొకడికి ఒక ఇంట్లోకి నేరుగా ప్రవేశించే అధికారపత్రమైంది.

దీనికి మరో పార్శ్వం ఉంది. బెన్ తన సొంత ముఖంతో వచ్చి నిజం చెప్పినప్పుడు రీడ్ నమ్మలేదు. నిజరంభ తన నిజత్వాన్ని నిరూపించుకోవడానికి తగవులాడింది. బెన్ రెండు మాటలు అని విసురుగా వెళ్లిపోతాడు. నాకు ఈ ఘట్టం కథలోకెల్లా కఠినమైనదిగా తోస్తుంది. రీడ్ తన మిత్రుణ్ని రాతి ఆకారంతో గుర్తుపడుతున్నాడు, మనిషి ముఖంతో కాదు. బెన్ మనిషిగా ఉండిన కాలమంతా ఎరిగినవాడే ఈ పొరపాటు చేశాడు. మిత్రుణ్ని తిరిగి మనిషిని చేయాలని తపించే రీడ్, ఆ మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే వంచకుడనుకున్నాడు.

5. అది, వాడు, అతడు

ఈ కథను తెలుగులోకి తేవాలనుకునే అనువాదకుడికి శీర్షికలోనే చిక్కు ఎదురవుతుంది. ‘ఈ మనిషి... ఈ రాక్షసుడు!’ అని సులువుగా చెప్పవచ్చు గాని, మూలంలోని పదానికి రాక్షసుడు సరైన సాటి కాదు. మన రాక్షసుడికి జాతి ఉంది, వంశం ఉంది, తపస్సు ఉంది, రాజ్యం ఉంది. అతడు మహద్వాచకం. ‘వికృతజీవి’ అంటే అమహత్తు అవుతుంది. ఇక ‘థింగ్’ అన్న పేరు వస్తువును చెప్పే మాట. తెలుగులో కర్త మహత్తా అమహత్తా అన్నది క్రియకు తగిలే విభక్తుల్లో బయటపడి తీరుతుంది. ‘థింగ్ వచ్చింది’ అనాలా, ‘థింగ్ వచ్చాడు’ అనాలా? ఆంగ్లంలో ఆ పేరు పక్కన క్రియ ఏ పక్షమూ తీసుకోనక్కరలేదు. తెలుగు వాక్యం మాత్రం ప్రతిసారి తీర్పు చెప్పాలి.

ఇది కేవలం అనువాద సమస్య కాదు. కథ అడుగుతున్న ప్రశ్న ఇదే. శీర్షికలోని ‘ఈ మనిషి’ ఎవరు, ‘ఈ రాక్షసుడు’ ఎవరు? మొదటి పుట తిప్పగానే ఇద్దరూ బెన్‌లోనే ఉన్నారనిపిస్తుంది. మూడు నాలుగు పుటలు గడిచేసరికి మనిషి బెన్, రాక్షసుడు అపరిచితుడు అనిపిస్తుంది. చివరికి వచ్చేసరికి మనిషి అన్న మాట అపరిచితుడికి దక్కుతుంది. చివరి గడిలోని మాటలు అతని మరణాన్ని ఒక మనిషి మరణంగా గుర్తిస్తాయి. మహత్త్వం అక్కడ పుట్టుకతో వచ్చిన వ్యాకరణ లక్షణం కాదు, సంపాదించుకున్నది. నేను అనువదించవలసి వస్తే అపరిచితుడికి ఆరంభంలో ‘వాడు’, తాడు పట్టుకున్న పుట నుండి ‘అతడు’ వాడతాను. బెన్‌కు మాత్రం మొదటి నుండి చివరి వరకు ‘అతడు’ తప్ప మరొకటి వాడడానికి మనసొప్పదు.

6. తాడు

హృదయపరివర్తన కథల్లో ఎప్పుడూ ఉండే బలహీనత దాని వేగం. పుట తిప్పేలోగా పాపి పుణ్యాత్ముడైపోతే పాఠకుడు నమ్మడు. 20 పుటల్లో, ఫుట్‌బాల్ ఉపకథకు కొన్ని పోగా మిగిలిన వాటిలో, లీ, కర్బీ ఈ ఇబ్బందిని ఎలా దాటారన్నది శిల్పపరంగా ముఖ్యం.

వారు ఎంచుకున్న మార్గం సంభాషణ కాదు. రీడ్ అతనికి నీతి బోధించడు, క్షమించడు, అసలు అతడెవరో ఎరగడు. రీడ్ తన పని తాను చేసుకుంటాడు, అంతే. ఆ ప్రయాణంలో ప్రాణం పోవచ్చని తెలుసు. పోతే ఎవరూ చూడరు, చప్పట్లు ఉండవు. కీర్తి కోసమే రీడ్ బతుకుతున్నాడని ఏళ్లుగా నమ్మిన మనిషి, కీర్తికి ఆస్కారమే లేని చోట రీడ్‌ను చూశాడు. అతని ద్వేషానికి ఆధారమైన ప్రతిజ్ఞావాక్యం అక్కడ కూలిపోయింది. ఈ మార్పు తర్కబద్ధమైనది, భావోద్రేకం ఆ తరువాత వస్తుంది. శాస్త్రవేత్త కాబట్టి సాక్ష్యం చూసి సిద్ధాంతం మార్చుకున్నాడని కూడా అనవచ్చు.

బొమ్మల్లో దీనికి కర్బీ ఇచ్చిన రూపం తాడు. ఒక కొస ద్వేషించేవాడి చేతిలో, మరో కొస ద్వేషింపబడేవాడి నడుముకు. ఏకపక్షంగా సాగిన వైరంలో ఇద్దరి మధ్య ఏర్పడిన మొదటి సంబంధం ఇదే. కామిక్‌లో కాలం గడుల మధ్య ఖాళీలో గడుస్తుందని, ఆ ఖాళీని పూరించే పని పాఠకుడిదని స్కాట్ మెక్లౌడ్ 1993 నాటి ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో వివరించాడు. ఇక్కడ ఒక గడిలో తాడు, తరువాతి గడిలో చిక్కుకున్న రీడ్, మళ్లీ తాడు పట్టుకున్నవాని ముఖం వస్తుంటే, అతడు ఎంతసేపు తటపటాయించాడన్నది మన ఊహకే మిగులుతుంది. ఆ నిడివిని పాఠకుడు తన అనుభవం కొద్దీ నిర్ణయించుకుంటాడు.

రాతిముఖం మీద తటపటాయింపును చూపడం మరో కష్టం. కనుబొమల గట్టు, దాని కింద చిన్న కళ్లు, అంతకు మించి ఆ ముఖంలో కదిలేవి లేవు. సినాట్ సిరాగీతల స్పష్టత ఇక్కడ చాలా సాయం చేసింది. అదే ముఖం మొదటి పుటలో బెన్ దుఃఖాన్ని, ఇక్కడ మరొకడి సంశయాన్ని చూపుతుంది. తోలుబొమ్మలాటలో ఒకే బొమ్మ వేర్వేరు గొంతులకు పలికినట్టు ఉంటుంది. ఆహార్యం ఒకటే, సాత్త్వికం వేరు.

సబ్-స్పేస్‌ను చూపడానికి కర్బీ గీతలు వదిలి ఛాయాచిత్రాల ముక్కలు అతికించిన కొలాజ్ వాడాడు. ఆనాటి చవక కాగితం మీద ఆ ఛాయాచిత్రాలు మసకబారాయి. అయినా దానిలోని ఆలోచన గట్టిది. మనుషులు, ఇళ్లు, వీధులు గీసిన బొమ్మలు. ఎవరూ చూడని ఊహాప్రదేశం మాత్రం ఛాయాచిత్రం. కథాప్రపంచం కల్పన, దాని అంచు దాటితే ఎదురయ్యేది వాస్తవ పదార్థం అన్నట్టుగా ఉంటుంది. చావు ఉన్నది కూడా ఆ వైపే.

స్యూ చిత్రణ గురించి ఒక మాట అనక తప్పదు. అపార శక్తులున్న ఆమెకు ఈ కథలో మిగిలిన పని భర్త కోసం ఆందోళన పడడం, వేడుకోవడం. ఇద్దరు పురుషుల మధ్య జరిగే నైతిక పరీక్షకు ఆమె కన్నీరు వాద్యసహకారమైంది. 1965లో వారి పెళ్లి జరిగిన తరువాత ఆమె పాత్ర మరింత కుదించుకుపోయిందన్న ఆక్షేపణకు ఈ సంచిక ఊతమే ఇస్తుంది. కథ గొప్పదని ఒప్పుకున్నంత మాత్రాన ఈ లోపాన్ని దాచనక్కరలేదు.

7. త్యాగం ఎవరిది?

ఇక అసలు ప్రశ్న. అపరిచితుడు ప్రాణం ఇచ్చాడు, కాబట్టి త్యాగం అతనిదే అని అందరూ అంటారు. కథ చివరి మాటలు కూడా అదే అంటాయి. కాని లెక్క అక్కడితో తేలదు.

అపరిచితుడు బతికి ఉన్నంతకాలం బెన్ మనిషిగా ఉన్నాడు. అతడు పోగానే రాతిరూపం బెన్‌కు తిరిగి వచ్చింది. అంటే ఆ సత్కార్యానికి అయిన ఖర్చులో అపరిచితుని ప్రాణం ఒక భాగం మాత్రమే, బెన్ మానవరూపం రెండో భాగం. మొదటిదాన్ని దాని యజమాని తెలిసి ఇచ్చాడు. రెండోదాన్ని దాని యజమానిని అడగకుండానే తీసుకోవడం జరిగింది. బెన్ అప్పుడు ప్రియురాలి గుమ్మం ముందు ఉన్నాడు. శ్రేణి అంతటా అతడు ఎదురుచూసిన క్షణానికి, అది చేజారడానికి మధ్య ఒక తలుపు మందం దూరం ఉంది. శిబి తన తొడ మాంసం తాను కోసి ఇచ్చాడు. బెన్ మాంసాన్ని మరొకరు కోసి ఇచ్చారు.

దీన్ని త్యాగం అనవచ్చునా? తెలియకుండా పోగొట్టుకున్నదానికి త్యాగమన్న పేరు చెల్లదు, నష్టం అనాలి. ఈ కథకు లోతు ఇచ్చింది ఆ నష్టమేనని నా అభిప్రాయం. అపరిచితుని పశ్చాత్తాపం మాత్రమే ఉంటే ఇది చక్కని నీతికథగా మిగిలేది. బెన్ నష్టం చేరడం వల్ల ఒకరి నిష్కృతికి మరొకరు వెల చెల్లించే లోకం మన ముందు నిలుస్తుంది. అన్నీ తెలిసిన తరువాత కూడా బెన్ ఆ మృతుణ్ని దూషించకపోవడం ఆ నష్టాన్ని త్యాగానికి దగ్గర చేస్తుంది. పోయినదాన్ని ఇచ్చినదిగా ఒప్పుకోవడం అది. బెన్‌కు మిగిలిన స్వేచ్ఛ అంతవరకే.

మరో మెలిక కూడా ఉంది. అపరిచితుణ్ని మార్చినది రీడ్ ఔదార్యం. బెన్‌ను రాయిగా మార్చినది కూడా రీడే. కాస్మిక్ కిరణాల ప్రమాదం గురించి బెన్ ముందే హెచ్చరించాడు. రీడ్ ఆ యాత్రకు పట్టుబట్టాడు. మొదటి సంచిక నుండి చదువుతున్న పాఠకుడికి ఇది తెలుసు, అపరిచితుడికి తెలిసినట్టు కథలో ఎక్కడా కనిపించదు. అతడు రీడ్‌లో చూసిన మహత్త్వం నిజమే గాని అది సంపూర్ణ చిత్రం కాదు. మానవజాతి కోసం ప్రాణాన్ని పణంగా పెట్టే రీడ్, విజ్ఞానం కోసం మిత్రుని శరీరాన్ని పణంగా పెట్టిన రీడ్ ఒక్కరే. ఈసారి అతడు తాడు తన నడుముకే కట్టుకున్నాడు. ఆ పాత అపరాధానికి ఇది రీడ్ చెల్లిస్తున్న వడ్డీ అనిపిస్తుంది. అసలు మాత్రం అలాగే ఉండిపోయింది, ఎందుకంటే కథ ముగిసేసరికి బెన్ మళ్లీ రాయి.

అభిజ్ఞానం కూడా ఇక్కడ ఆలస్యంగా వస్తుంది. తనను కాపాడి పోయినవాడు బెన్ అనుకుని రీడ్ శోకిస్తాడు. అసలు బెన్ తిరిగి వచ్చి నిలబడినప్పుడు గాని పోయినవాడు వేరని తెలియదు. మిత్రుని కోసం మొదలైన శోకాన్ని అప్పటికప్పుడు శత్రువు పేర మార్చుకోవలసి వచ్చింది. కాని ఆ శత్రువుకు పేరు లేదు.

8. పేరులేమి

ఉంబెర్టో ఎకో 1962లో సూపర్‌మ్యాన్ మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇలాంటి శ్రేణుల ఇరకాటాన్ని పట్టుకున్నాడు. నాయకుడు పని చేయాలి, కాని ఏ పనీ అతన్ని మార్చకూడదు, ఖర్చు చేయకూడదు. వచ్చే నెల మళ్లీ అతడే కావాలి. 51వ సంచిక ఈ నియమాన్ని అక్షరాలా పాటించింది. రీడ్ బతికాడు, బెన్ రాయిగానే మిగిలాడు, 52వ సంచికకు దారి సుగమమైంది. సంస్థకు ఆస్తి అయిన పాత్రలకు చావు లేదు కాబట్టి, చనిపోవడానికి ఒక పేరులేనివాణ్ని తెచ్చారు. వాణిజ్య అవసరం అంతే. అయితే ఆ అవసరమే కథకు బలమైంది. కీర్తి కోసం కుళ్లిపోయినవాడు పేరు కూడా మిగలకుండా పోవడం, పోతూ దాన్ని లెక్కచేయకపోవడం, నిష్కృతికి ఇంతకన్నా ఔచితీవంతమైన రూపం దొరకదు.

1954లో అమెరికా ప్రచురణకర్తలు ఏర్పరచుకున్న కామిక్స్ కోడ్ నేరస్థుడికి శిక్ష పడాలనీ, నేరస్థునిపై సానుభూతి కలిగేలా చిత్రించరాదనీ నియమం పెట్టింది. ఈ కథ మొదటి నియమాన్ని పాటిస్తూనే రెండోదాన్ని పక్కకు నెట్టింది. శిక్ష పడింది, కాని వేసినవాడూ అనుభవించినవాడూ ఒకడే. సానుభూతి దాన్ని అనుసరించి వచ్చింది.

9. ఇద్దరు కర్తలు

మార్వెల్ సంస్థలో ఆనాటి పద్ధతి ప్రకారం ముందు కథ గురించి మాటలు, తరువాత చిత్రకారుడు పుటలన్నీ గీయడం, ఆపైన లీ సంభాషణలు రాయడం జరిగేది. అందువల్ల కథనం, గడుల విభజన, అభినయం చాలావరకు కర్బీవి. ప్రజల దృష్టిలో రచయిత మాత్రం లీ. 1966 జనవరిలో ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’లో వెలువడిన వ్యాసం లీని ఆకర్షణీయంగా, కర్బీని చిన్నచూపుతో చిత్రించింది. కర్బీ అది మరచిపోలేదు. 1970లో సంస్థ వదిలాడు. తాను గీసిన మూలపుటల్లో కొంత భాగం మాత్రమే 1987లో తిరిగి పొందాడు. కర్బీ వారసులకూ సంస్థకూ మధ్య వివాదం 2014లో రాజీతో ముగిసింది.

కీర్తి మరొకడికి దక్కిందని కుమిలిన ప్రతిభావంతుడి కథను ఈ చరిత్ర తెలిసి చదివేవారికి ఆ అపరిచితునిలో కర్బీ కనిపించడం సహజం. ఈ పఠనాన్ని నేను అంగీకరించను. ముఖచిత్రం మీది నెలకు రెండు మూడు నెలల ముందే సంచిక అంగడికి రావడం అప్పటి ఆచారం. గీయడం అంతకన్నా ముందే జరగాలి. కాబట్టి ఆ పత్రికా వ్యాసం ఈ కథకు ప్రేరణ అనడానికి కాలం సహకరించదు. అంతకన్నా ముఖ్యంగా, అటువంటి పఠనం అసూయాపరుడి స్థానంలో కర్బీని కూర్చోబెడుతుంది. కర్బీది అసూయ కాదు, తన పనికి తన పేరు అడగడం. ఆ రెంటినీ ఒకటి చేస్తే శ్రమకు గుర్తింపు అడిగిన ప్రతివాడూ ఈర్ష్యాపరుడే అవుతాడు. జీవితచరిత్రతో ముడిపెట్టి తీరాలంటే తగిన పాత్ర బెన్ గ్రిమ్. కర్బీ 1917లో న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో పుట్టి, ఆ పేదవాడల వీధి తగాదాల మధ్య పెరిగి, రెండో ప్రపంచయుద్ధంలో ఐరోపా రణరంగం చూసి వచ్చినవాడు. ఆ మొరటు వీధిబాలుడి మాట, నడక, కోపం బెన్‌లో ఉన్నాయని చాలామంది గుర్తించారు. మొదటి పుటలో వానలో నిలబడ్డ ఆ భుజాల వాలును అంత నిబ్బరంగా గీయడానికి మరో కారణం వెతకనక్కరలేదు.

ఆనాటి మార్వెల్ సంచికల్లో రంగులు వేసినవారి పేర్లు సాధారణంగా వేసేవారు కారు. రాతిపలకల మీద వానరాత్రి మసకలోనూ నిలిచి కనిపించే ఆ నారింజరంగు ఈ సంచికలో ఎవరి చేతిదో, ఆ పేరు పుటల మీద లేదు.